సొంత దేశాన్ని ఫొటో తీయడం: కొండలు, కట్టడాలు, మనుషులు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కొండదారి

అందరికీ నమస్కారం. ఫొటోలు తీయడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటే అయినా, దానికి ఒక దిశ ఉండాలన్న కోరిక ఈమధ్యనే బలపడింది. మన దేశంలోని కొండలను, నదులను, పాత కట్టడాలను, వాటి చుట్టూ బతికే మనుషులను కొన్నేళ్లపాటు వరుసగా తీసి, చివరికి వాటన్నిటినీ ఒకచోట కూర్చాలని ఉంది. ఉద్యోగం చేసుకుంటూ దేశమంతా తిరగడం సాధ్యం కాదు కనుక ముందుగా తెలుగు నేలను ఎంచుకున్నాను. గండికోట, లేపాక్షి, రామప్ప, అరకు లోయ చూసి వచ్చాను.

ఫొటోలు స్పష్టంగానే ఉన్నాయి, రంగులూ బాగానే వచ్చాయి. అయితే గండికోటలో పెన్నా లోయ అంచున నేను తీసిన ఫొటోకూ, అదే అంచున నిలబడి ఇతరులు తీసిన ఫొటోలకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఇదే విధంగా ముందుకు వెళ్తే, ఇప్పటికే వేలమంది దగ్గర ఉన్న దృశ్యాలను మరొకసారి పోగుచేసినట్టే అవుతుందని అనిపిస్తోంది. ఏ ప్రదేశాలను ఎంచుకోవాలి, ఎంచుకున్న చోట దేనిమీద దృష్టి పెట్టాలి అన్నది నా మొదటి సందేహం. కట్టడాల విషయంలో రాతి చెక్కడం నా ఫొటోల్లో చదునుగా కనిపిస్తోంది. దానికి తోడు ఎక్కడ ఏ కెమెరా నిబంధన ఉంటుందో ముందుగా అర్థం కావడం లేదు. ఇక మనుషుల దగ్గరికి వచ్చేసరికి, పనిలో ఉన్నవారిని ఆపి అడగాలా, అడగకుండా తీయడం మర్యాదేనా అన్న సంకోచంతో చాలాసార్లు కెమెరా తీయకుండానే వెనక్కి వస్తున్నాను. ఇటువంటి పని చేసినవారు సలహా ఇస్తే కృతజ్ఞుడిని.

జవాబు: పాతఆల్బమ్

కొండదారి గారూ, అందరూ నిలబడిన చోటే నిలబడితే అందరికీ కనిపించే దృశ్యమే కనిపిస్తుంది. నా అభిప్రాయంలో, సొంత దేశంలో ఫొటోలు తీసేవారికి ఉన్న అతిపెద్ద సౌకర్యం మళ్లీ మళ్లీ వెళ్లగలగడం. దూరదేశం నుంచి వచ్చిన యాత్రికుడు ఒక ఉదయం గడిపి వెళ్లిపోతాడు. మీరు అదే చోటికి నడివేసవిలోనూ, వానలు వెలిసిన తర్వాతా, పదేళ్లు గడిచాకా వెళ్లగలరు. ఆ సౌకర్యాన్ని వాడుకునే విధంగా ప్రదేశాలను ఎంచుకోమని నా సలహా. అంటే, ఇప్పటికే పేరుపడిన చోట్ల జాబితాను పక్కన పెట్టి, మన కళ్లముందే మారుతున్న చోట్లతో మొదలుపెట్టండి.

శ్రీకాళహస్తినే తీసుకోండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆ తర్వాత కట్టిన కొత్త గోపురం. పాతది ఎలా ఉండేదో చూడాలంటే మనకు మిగిలింది ఫొటోలే. యాత్రికులు గోపురాన్ని వెనక ఉంచుకుని తీయించుకున్న ఫొటోలు ఎన్నో ఇళ్లలో ఉంటాయి. కానీ నాలుగు వైపుల నుంచీ, అంతస్తు తర్వాత అంతస్తుగా, బొమ్మలూ పగుళ్లూ తెలిసేటట్టు ఓపికగా తీసినవి ఎంతమంది దగ్గర ఉంటాయి? హనుమకొండ వేయిస్తంభాల గుడి సంగతి కూడా గుర్తు చేస్తాను. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఆ ఆలయంలోని కల్యాణ మండపాన్ని పునర్నిర్మాణం కోసం రాయి రాయిగా విప్పదీశారు. అది మళ్లీ నిలబడి 2024 మార్చిలో తెరుచుకునే నాటికి దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. ఈ మధ్యకాలంలో పెరిగి పెద్దయిన పిల్లలకు ఆ మండపం ఫొటోల్లోనే తెలుసు.

ప్రకృతి దృశ్యాలకూ ఇదే వర్తిస్తుంది. నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయపు నీటిలో ఏడాదిలో ఎక్కువకాలం మునిగి ఉండి, వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది. శిఖరం మాత్రమే కనిపించే రోజు, గర్భగుడి బయటపడి పూజలు మొదలయ్యే రోజు, మళ్లీ వరదనీరు మెట్లు ఎక్కే రోజు, ఈ మూడూ ఒకే చోట నుంచి తీస్తే ఆ వరుస చెప్పే కథను ఎంత అందమైన ఒంటరి ఫొటో కూడా చెప్పలేదు. అదే జలాశయం కింద మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురానికి తరలించారు; నాగార్జునకొండ బౌద్ధ నిర్మాణాలను కూడా సాగర్ నీళ్లు రాకముందే ఎత్తైన చోటికి, అనుపు అనే చోటికీ మార్చారు. మన నదుల ఒడ్డున ఉన్న చరిత్రలో ఎంతో భాగం ఇలా స్థలం మారినదే. ఇప్పుడు పోలవరం ముంపులోకి వచ్చే గోదావరి తీరపు ఊళ్ల విషయంలో, మునగకముందే ఫొటోలు తీయడానికి మిగిలిన సమయం తక్కువ.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ ప్రతి వానాకాలం తర్వాతా గండ్ల ఆకారం కొంత మారుతుంది, మనుషుల తవ్వకాల వల్ల మరికొంత మారుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు బండలు కళ్లముందే క్వారీలకూ కాలనీలకూ బలైపోతున్నాయి. వాటికోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పనిచేస్తోంది. మీ ఇంటికి గంట ప్రయాణంలో ఇటువంటి గుట్ట ఒకటి తప్పకుండా ఉంటుంది; గండికోటకు మళ్లీ వెళ్లేముందు దాని దగ్గరికి వెళ్లండి.

ఒకే చోటికి తిరిగి వెళ్లి తీసేటప్పుడు మొదటిసారి నిలబడిన బిందువును సరిగ్గా పట్టుకోవడం ముఖ్యం. పాత ఫొటోను ఫోనులో ఉంచుకుని, దగ్గరగా ఉన్న ఒక వస్తువూ దూరంగా ఉన్న మరొక వస్తువూ ఆ ఫొటోలో ఏ విధంగా ఒకదానినొకటి కప్పుతున్నాయో చూసి, కంటికి అదే అమరిక కనిపించేవరకు ముందుకు వెనక్కు, కుడికి ఎడమకు జరగాలి. లెన్సు ఫోకల్ లెంగ్తు, కెమెరా ఎత్తు, వేళ కూడా అవే ఉంచగలిగితే రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టినప్పుడు మారినదేమిటో, మారనిదేమిటో చూసేవారికి తడుముకోకుండా తెలుస్తుంది.

మీకు గురువు కావాలంటే రాజా దీన్ దయాళ్ (1844–1905) ఫొటోలు చూడండి. రూర్కీలో ఇంజినీరింగు చదివిన ఆయన తర్వాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు అయ్యారు, సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. ఆయన గాజుపలకల నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. బరువైన పెట్టె కెమెరాను మోసుకువెళ్లి, కట్టడం కొలతలు చూసేవారికి అందే విధంగా ఆయన ఎంచుకున్న దూరాలను, కోణాలను శ్రద్ధగా గమనిస్తే, ఈరోజు మన చేతిలో ఉన్న తేలికపాటి కెమెరాతో మనం ఎంత తొందరపడుతున్నామో అర్థమవుతుంది.

జవాబు: శిలాలేఖ

రాతి చెక్కడం చదునుగా వస్తోందన్నారు. దానికి కారణం లెన్సు కంటే ఎక్కువగా వేళే అయి ఉంటుంది. ఎదురుగా పడే వెలుగు లోతును చంపేస్తుంది. పక్కనుంచి, గోడను రాసుకుంటూ వచ్చే వెలుగు ప్రతి గీతకూ ఒక నీడనిస్తుంది. అరిగిపోయిన శాసనాలను చదివేవారు కూడా ఏటవాలు వెలుగునే ఆశ్రయిస్తారు. అందువల్ల ఏ గుడికి వెళ్లినా ముందు అది ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో తెలుసుకుని, మీకు కావలసిన గోడమీద ఎండ ఏ వేళకు పక్కవాటుగా పడుతుందో లెక్కవేసుకోండి. దక్షిణపు గోడకు శీతాకాలంలో పొద్దున్నే వచ్చే వెలుగు వేసవిలో రాదు. తూర్పు గోడకు మధ్యాహ్నానికి కాస్త ముందు కొద్దిసేపు మాత్రమే ఆ అవకాశం ఉంటుంది.

రామప్ప విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఎదురయ్యే చిక్కులు ఇతర చోట్ల ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుడి గోడలు ఎర్రఛాయ ఇసుకరాయి, చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు (స్త్రీ శిల్పాలు) నునుపుదేరిన నల్లరాయి, శిఖరం తేలికైన ఇటుక. ఈ మూడింటి కాంతి ఒక్క ఫొటోలో ఇమిడేది కాదు. నల్లని మదనికను ఫ్రేము నిండా పెడితే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు దానిని బూడిదరంగుగా మార్చేస్తుంది. కనుక ఒక స్టాపు వరకు, అంటే వెలుగు సగమయ్యేంత వరకు, తగ్గించి తీయాలి. వెనక ఆకాశం పడితే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది వస్తుంది, అప్పుడు శిల్పం నల్లటి ఆకారంగా మిగిలిపోతుంది. నునుపు రాతి మీది మెరుపును పోలరైజరు ఫిల్టరు చాలావరకు తగ్గిస్తుంది, అయితే ఆ మెరుపే శిల్పి సాధించిన నైపుణ్యం కనుక దానిని పూర్తిగా తుడిచేయకండి. మదనికల దగ్గరికి వెళ్లి తల పైకెత్తి వైడ్ లెన్సుతో తీస్తే కాళ్లు పెద్దవిగా, తలలు చిన్నవిగా వస్తాయి. వీలైనంత వెనక్కి జరిగి టెలిఫొటో లెన్సుతో తీస్తేనే శిల్పి ఉద్దేశించిన పొడవూ వంపూ నిలుస్తాయి.

లేపాక్షి నాట్యమండపం కప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాలకు ఫ్లాషు అసలు వాడవద్దు. అది అక్కడి నియమం అవునా కాదా అన్నది పక్కన పెట్టినా, ఐదు వందల ఏళ్ల రంగుల మీద అనవసరపు వెలుగు వేయకపోవడం మన బాధ్యత. కెమెరాను నేల మీద వెల్లకిలా ఉంచి, టైమరుతో, నెమ్మది షట్టరుతో తీస్తే ట్రైపాడు లేకుండానే స్పష్టమైన చిత్రం వస్తుంది. స్తంభాల మధ్య నుంచి వచ్చే పగటి వెలుగు నేలను తాకి పైకి మళ్లేటప్పుడు రంగు మారుతుంది కాబట్టి, రా ఫైలుగా (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫైలు) తీసి, అదే వెలుగులో బూడిదరంగు అట్ట ఒకటి తీసి ఉంచుకుంటే తర్వాత రంగులు సరిచేయడం సులువు.

నిబంధనల సంగతి ఇది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న కట్టడాలలో చేతితో పట్టుకుని ఫొటోలు తీయడానికి 2018 నుంచి సాధారణంగా అభ్యంతరం లేదు. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్ మహల్ లోపలి సమాధి భాగం వంటివి మినహాయింపులు. ట్రైపాడుకూ, అదనపు లైట్లకూ, వ్యాపార చిత్రీకరణకూ ముందుగా అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గుళ్లలో గర్భగుడి వైపు కెమెరా ఎత్తవద్దు. తిరుమల, శ్రీశైలం వంటి క్షేత్రాలలో కెమెరాను లోపలికే తీసుకువెళ్లనివ్వరు. రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నచోట నియమాలు వేరుగా ఉంటాయి. అక్కడి సిబ్బందిని అడిగితే చెబుతారు. కాపలాదారుతో మర్యాదగా మాట్లాడి, ఏం తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో వివరిస్తే, ఎవరూ చూడని చెక్కడం ఏ మూలన ఉందో ఆయనే చూపించడం నేను ఎన్నో చోట్ల చూశాను.

జవాబు: మగ్గంగది

పైన పాతఆల్బమ్ గారు చెప్పినదానిలో కట్టడాల వరకు నాకు భేదాభిప్రాయం లేదు. అయితే "మారిపోతున్న చోట్లు" అన్న ఆలోచనను మనుషులకు కూడా వర్తింపజేస్తే ప్రమాదం ఉంది. చేనేత కార్మికుడినో, తోలుబొమ్మల కళాకారుడినో అంతరించిపోతున్న వస్తువుగా ముందే నిర్ణయించుకుని వెళ్తే, మన ఫొటోలో ముడతలు పడిన చేతులూ, చీకటి గదీ, దిగులు కళ్లే పడతాయి. ఆయన ఫోనులో కొత్త డిజైను చూసుకుంటున్న క్షణం, కొడుకుతో ధర గురించి వాదిస్తున్న క్షణం, పని ముగించి స్నేహితులతో నవ్వుతున్న క్షణం మన కంటికి ఆనవు. అవి కూడా ఆయన జీవితమే.

అడిగి తీయాలా వద్దా అన్న మీ సందేహానికి నా సమాధానం సూటిగా చెబుతాను. సంతలో, ఊరేగింపులో జనసమూహాన్ని తీయడానికి ఒక్కొక్కరినీ అడగడం సాధ్యం కాదు. కానీ ఒక మనిషి ముఖం మీ ఫొటోకు కేంద్రమవుతుంటే ఆ మనిషికి తెలియాలి, ఇష్టం ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. అడిగితే సహజత్వం పోతుందని చాలామంది అంటారు; అది మొదటి పది నిమిషాల మాట మాత్రమే. కూర్చుని, పని గురించి తెలుసుకుంటూ ఉంటే వారు తమ పనిలో పడిపోతారు, కెమెరాను మరచిపోతారు.

పని గురించి తెలియకుండా ఆ పనిచేసేవారిని బాగా తీయలేమని నా గట్టి నమ్మకం. పోచంపల్లి చీర వెనక ఆసు పోయడం అనే పని ఉంది. అర్ధవృత్తంగా అమర్చిన మేకుల చుట్టూ చేతితో దారాన్ని వేల సార్లు తిప్పే ఆ పనిని తరతరాలుగా ఎక్కువగా ఆడవాళ్లే చేశారు, వారి భుజాలు నొప్పిపుట్టేవి. తల్లి కష్టం చూసి చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి తెలిసినవారు మగ్గం మీద మెరిసే చీరను మాత్రమే తీసి తిరిగిరారు. ఆసు దగ్గర కూర్చుంటారు, భుజం కదలికను పట్టుకోవడానికి షట్టరును సెకనులో ఎనిమిదో వంతుకు తగ్గిస్తారు, ముఖం నిశ్చలంగా ఉండి చేయి మాత్రం చెదిరిన గీతలా వచ్చే క్షణం కోసం ఎదురుచూస్తారు. గుంట మగ్గం దగ్గర నేతగాడి కళ్లు మన మోకాళ్ల ఎత్తులో ఉంటాయి. నిలబడి కిందికి చూస్తూ తీస్తే ఆయన చిన్నవాడైపోతాడు. నేల మీద కూర్చోండి.

జాతరల విషయంలో ఒక హెచ్చరిక. రెండేళ్లకొకసారి మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో జంపన్న వాగు స్నానాలు ప్రతి ఫొటోగ్రాఫరునూ ఆకర్షిస్తాయి. తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్లను దూరం నుంచి పెద్ద లెన్సుతో తీయడాన్ని ఏ కళ పేరుతోనూ సమర్థించలేము. నిలువెత్తు బెల్లం తూచి బంగారమని సమర్పించే కుటుంబాన్ని అడిగి చూడండి, సంతోషంగా నిలబడతారు. గిరిజన గూడేలకు వెళ్లేటప్పుడు ఊరిపెద్దకు ముందుగా కబురు చేసి, వారిలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. అండమాన్‌లో జారవా ఆదివాసులను ఫొటో తీయడం 1956 నాటి రక్షణ నిబంధనల ప్రకారం జైలుశిక్ష పడే నేరం. మిగతాచోట్ల అటువంటి చట్టం లేకపోయినా, ఆ చట్టం వెనక ఉన్న ఆలోచన అంతటికీ వర్తిస్తుందని నేను భావిస్తాను.

డబ్బు ఇవ్వాలా అని తరచుగా అడుగుతుంటారు. ఒక్క ఫొటోకు నాణెం చేతిలో పెట్టడం నాకు నచ్చదు, అది ఇద్దరినీ తక్కువ చేస్తుంది. కానీ మీకోసం ఎవరైనా సగంపూట పని ఆపితే, ఆ సగంపూట కూలి ఇవ్వడం న్యాయం. అన్నిటికంటే ముఖ్యంగా, తీసిన ఫొటోను అచ్చువేసి వారికి చేర్చండి. వాట్సాప్‌లో పంపిన బొమ్మ ఫోను మారగానే పోతుంది. గోడకు తగిలించిన కాగితం ఉంటుంది. రెండోసారి అదే ఊరికి అచ్చు ఫొటోలతో వెళ్లినప్పుడు మీరు అనుమతి అడగవలసిన అవసరమే చాలావరకు ఉండదు, ఇంటివాళ్లే ఇంకెవరిని తీయాలో చెబుతారు.

కొండదారి

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. సంగమేశ్వరం నుంచీ, మా ఊరి దగ్గరి గుట్ట నుంచీ మొదలుపెడతాను. రెండు చిన్న విషయాలు మిగిలాయి. ఇలా పోగుపడే ఫొటోలకు వివరాలు ఎలా రాసి ఉంచాలి? డ్రోను వాడడం మంచిదేనా?

జవాబు: పాతఆల్బమ్

డ్రోను గురించి ముందు చెబుతాను. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు బరువున్నవాటికి చాలా మినహాయింపులు ఉన్నాయి. అంతకంటే బరువైన వాటిని రిజిస్టరు చేయాలి, ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పటంలో ఆ చోటు ఏ రంగు మండలంలో ఉందో చూడాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు విడిగా అనుమతి అక్కరలేదు. అయినా రక్షిత కట్టడాల మీదా, అభయారణ్యాల మీదా ఎగరేయాలంటే సంబంధిత శాఖల అనుమతి తప్పనిసరి. నేలపట్టులో గూళ్లు కట్టే పెలికాన్ల దగ్గరా, పులికాట్‌లో రాజహంసల గుంపుల దగ్గరా దానిని బయటికే తీయవద్దు.

వివరాల విషయంలో మన నేలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. జిల్లాలు మారిపోతున్నాయి. పాలంపేట ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు. లేపాక్షి అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కనుక జిల్లా పేరుతో ఆగకుండా ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు రాయండి. తేదీ, వేళ, మీరు ఏ దిక్కుకు చూస్తూ తీశారు, కట్టడంలో అది ఏ భాగం, మనుషులైతే వారు చెప్పమన్నంతవరకు పేరూ పనీ, ఇవన్నీ ఫొటో ఫైలులోనే వివరణగా చేర్చండి. విడిగా నోటుపుస్తకంలో రాస్తే ఏదో ఒకనాటికి రెండూ విడిపోతాయి. స్థానికులు ఆ శిల్పాన్ని, ఆ గుట్టను ఏ పేరుతో పిలుస్తారో అది కూడా తెలుగులోనే రాయండి, ఎందుకంటే పటాల్లో ఆ పేర్లు దొరకవు.

హక్కుల సంగతి: 1957 కాపీరైటు చట్టం ప్రకారం మీరు స్వయంగా తీసిన ఫొటో మీద హక్కు మీదే, అది మీ జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది, కట్టడాలను ఫొటో తీసినందుకు ఆ చట్టం కింద ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. కట్టడాల ఫొటోలను, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల ఫొటోల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాలకు పనికివస్తాయి. అయితే అక్కడ ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోలేరు, వ్యాపారానికి వాడుకున్నా కాదనలేరు. అందుకే గుళ్లూ గోపురాల ఫొటోలు అక్కడ పెట్టండి, మగ్గంగది గారు చెప్పిన ఇళ్లలో తీసిన ముఖాలను మాత్రం ఆ ఇంటివారిని మళ్లీ అడిగిన తర్వాతే పెట్టండి.